డెలివరీతో షుగర్ పోయిందని టెస్ట్ మానేయకు

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసి బాబు కబుర్లన్నీ చెప్పింది, చాలా సంతోషం. మధ్యలో "దానికి ప్రెగ్నెన్సీలో వచ్చిన షుగర్ కూడా పోయిందక్కా, హాస్పిటల్లోనే నార్మల్ వచ్చేసింది" అంది, అది విన్నాకే ఇది రాయాలనిపించింది. ఏళ్ల తరబడి ల్యాబ్‌లో పని చేసినదాన్ని కదా, ప్రెగ్నెన్సీలో క్రమం తప్పకుండా వచ్చి వేళ్లు గుచ్చించుకున్న అమ్మాయిలు డెలివరీ అయ్యాక మళ్లీ మొహం చూపించరు, పిల్లాడి పని పడిపోతుంది, ఇంట్లో వాళ్లు కూడా పిల్లాడి బరువు అడుగుతారు గానీ తల్లి షుగర్ ఎవరూ అడగరు.

నార్మల్ రావడం నిజమే, చాలామందికి వస్తుంది. మాయ (ప్లసెంటా) నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగ్గా పని చెయ్యనివ్వవు, మాయ బయటికి వచ్చేసాక ఆ అడ్డు పోతుంది. కాకపోతే ఆ అడ్డు ఉన్నప్పుడు నీ ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్ సరిపోలేదు కదా, ఆ బలహీనత ఎక్కడికీ పోలేదు. ప్రెగ్నెన్సీలో షుగర్ రాని వాళ్లతో పోలిస్తే వచ్చినవాళ్లకి తర్వాత టైప్ 2 డయాబెటిస్ వచ్చే రిస్క్ 7 నుంచి 10 రెట్లు ఎక్కువ. భయపెట్టడానికి చెప్పట్లేదు, ముందే తెలిస్తే చాలా చెయ్యొచ్చు కాబట్టి చెప్తున్నా.

డెలివరీ అయిన 4 నుంచి 12 వారాల మధ్య జీటీటీ చేయించుకో, అదే, పరగడుపున ఒకసారి రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, 2 గంటలకి మళ్లీ తీసేది. వెళ్లి ఊరికే "షుగర్ టెస్ట్" అన్నావనుకో, ఫాస్టింగ్ ఒక్కటి తీసి పంపించేస్తారు. కొంతమందికి ఫాస్టింగ్ బాగానే ఉంటుంది, గ్లూకోజ్ తాగాకే అసలు సంగతి బయటపడుతుంది, అందుకని పేరు పెట్టి అడుగు. ఇంట్లో మీటర్‌తో చూసుకున్నది దీనికి లెక్కలోకి రాదు. హెచ్‌బీఏ1సీ చాలంటారు ఇంకొందరు, అది రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్తుంది, ఇప్పుడు చేస్తే ప్రెగ్నెన్సీ రోజులు కూడా అందులో కలిసిపోతాయి, పైగా డెలివరీలో రక్తం పోయి ఉంటుంది, రక్తహీనత ఉంటే ఇంకా తేడా కొడుతుంది. కొన్ని నెలలు పోయాక అయితే పర్లేదు.

టెస్ట్‌కి ముందు మూడు రోజులు మామూలుగా తిను. రిపోర్ట్ బాగా రావాలని కడుపు మాడ్చుకుని వచ్చేవాళ్లని ఎంతమందిని చూశానో (పరీక్షలో కాపీ కొట్టినట్టే, ఎవరిని మోసం చేస్తున్నట్టు?), పైగా అలా చేస్తే ఒక్కోసారి ఉన్నదానికన్నా ఎక్కువే వస్తుంది. ముందు రాత్రి నుంచి కనీసం 8 గంటలు ఏం తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. గ్లూకోజ్ నీళ్లు 5 నిమిషాల్లో తాగెయ్, తర్వాత 2 గంటలూ అక్కడే కూర్చో, పని ఉందని అటూ ఇటూ తిరగకు. వాంతి అయితే దాచకుండా చెప్పు, ఇంకో రోజు మళ్లీ చేస్తారు. బాబుకి అక్కడే పాలివ్వొచ్చు, ఎత్తుకోడానికి ఒకళ్లని తోడు తీసుకెళ్లు.

రిపోర్ట్‌లో ఫాస్టింగ్ 100 లోపు, 2 గంటలది 140 లోపు ఉంటే నార్మల్. ఫాస్టింగ్ 126 గానీ 2 గంటలది 200 గానీ తాకినా, దాటినా డయాబెటిస్, రెండిట్లో ఒక్కటే అలా వస్తే మాత్రం మామూలుగా ఇంకోసారి చేసి ఖాయం చేస్తారు. మధ్యలో ఉంటే ప్రీడయాబెటిస్. అలా వచ్చినా కంగారు పడకు, బరువు కాస్త తగ్గి, రోజూ నడిస్తే చాలామంది ఏళ్ల తరబడి డయాబెటిస్‌ని దగ్గరికి రానివ్వలేదు, అవసరమైతే డాక్టర్ మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర కూడా ఇస్తారు. పాలివ్వడం కూడా ఆ రిస్క్ తగ్గించేదే, కుదిరినన్నాళ్లు ఇవ్వు.

నార్మల్ వచ్చిందా, అయినా అక్కడితో అయిపోలేదు. ఏడాది నుంచి మూడేళ్లకోసారి, జీవితాంతం చూపించుకోవాల్సిందే, ప్రీడయాబెటిస్ అయితే ప్రతి ఏడాదీ. దాహం, నీరసం వచ్చాక చూద్దాంలే అనుకోకు, నిద్రలేని పసిబిడ్డ తల్లికి నీరసం ఎందుకొచ్చిందో ఎవరు చెప్పగలరు, అసలు చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. ఏ కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లినా, పంటి నొప్పికి వెళ్లినా సరే, ప్రెగ్నెన్సీలో షుగర్ వచ్చిందని చెప్పు.

ఒకటి గట్టిగా చెప్తా, ఇంకో బిడ్డ అనుకుంటే ముందే టెస్ట్ చేయించుకో. నెల తప్పిందని తెలిసేటప్పటికే బిడ్డ గుండె, వెన్ను తయారవడం మొదలైపోతుంది, అప్పుడు షుగర్ ఎక్కువుంటే లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే నీ ఆరోగ్యం కుదురుకునే దాకా ఏ గర్భనిరోధకం వాడాలో కూడా ఇదే విజిట్‌లో అడిగేయ్, సిగ్గుపడకు.

ఈ వారమే డేట్ ఫిక్స్ చేసుకో. రిపోర్ట్ రాగానే ఫొటో తీసి నాకు పెట్టు, రెండు నంబర్లూ కనపడాలి.

పెద్దమ్మ