వేరుశనగ కాయలకు అంటుకున్న గూళ్లు ఏ పురుగువి?

ప్రశ్న: రబీ పంటగా మార్చి నెలాఖరులో పీకి ఆరబెట్టిన వేరుశనగ కాయలను ఖరీఫ్ విత్తనానికని గోనె సంచుల్లో నిల్వ చేశాము. జూన్‌లో విప్పి చూస్తే, కొన్ని కాయల పైన పలుచని కాగితం వంటి చిన్న గూళ్లు, మరికొన్నింటికి గుండ్రని కన్నాలు కనిపించాయి. కళ్లం పక్కనున్న చింతచెట్టు నుంచే ఈ పురుగు వచ్చిందని మా అత్తగారు అంటున్నారు. ఇది సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, కదిరి

జవాబు: సాధ్యమే. మీరు వర్ణించిన ఆనవాళ్లు కేర్యెడాన్ సెర్రాటస్ అనే పెంకు పురుగువి. దీనిని 1790లో ఒలివియే అనే ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త తొలిసారి వర్ణించాడు. చాలామంది దీనిని ముక్కు పురుగు అనుకుంటారు గాని, దీనికి ముక్కు వంటి తొండం ఉండదు. ఎరుపు కలిసిన గోధుమ రంగు దేహం, దాని మీద ముదురు మచ్చలు, లావుగా ఉబ్బిన వెనుక తొడలు, వాటి అంచున దువ్వెన పళ్ల వంటి ముళ్లు దీని గుర్తులు.

దీని అసలు నివాసం ధాన్యపు గది కాదు, చెట్టు. ఆఫ్రికా, ఆసియా ఖండాల వేడి ప్రాంతాలలో చింత, తుమ్మ, దేవకాంచనం వంటి చెట్ల కాయలలోని గింజలను తిని ఇది తరతరాలుగా బతుకుతోంది. వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. 16వ శతాబ్దం నుంచి ఆ పంట ఈ ఖండాలకు చేరిన తరువాతే ఈ పురుగుకు కొత్త మేత దొరికింది. నేలలో ఊరుతున్నంత కాలం వేరుశనగ కాయ దీనికి అందదు. పీకి, కుప్పవేసి, ఆరబెట్టినప్పుడే అందుతుంది. మీ రబీ కాయలు ఆరిన సమయం చింతకాయలు పండి రాలే కాలమే కావడం గమనించదగిన విషయం.

తల్లి పురుగు కాయ పొట్టు మీద గుడ్లను అంటిస్తుంది. పిల్ల పురుగు గుడ్డు అడుగు నుంచే పొట్టును తొలుచుకుని నేరుగా గింజలోకి దిగుతుంది కాబట్టి, పైకి కాయ చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది. రైతు మోసపోయేది ఇక్కడే. ఎదిగిన పిల్ల పురుగు గుండ్రని కన్నం చేసుకుని బయటికి వచ్చి, కాయకు అంటుకునో, సంచి అడుగుననో గూడు అల్లుకుంటుంది. మీరు చూసినవి ఆ గూళ్లే. అనుకూలమైన వేడిలో గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా సుమారు ఆరు వారాలు పడుతుంది.

అయితే నేరమంతా చెట్టు మీద మోపలేము. పాత సంచుల కుట్లలో మిగిలిన పురుగులతోనూ ఇదే జరుగుతుంది. చెట్టు కొట్టించే ఆలోచన ఉంటే మానుకోండి. వచ్చే పంటను చింతచెట్టుకు దూరంగా బాగా ఆరబెట్టి, గాలి చొరని సంచుల్లో మూతి బిగించి నిల్వ చేయండి. పాత గోనెలను మళ్లీ వాడకండి. మీ అత్తగారి అనుమానాన్ని పరీక్షించాలంటే, చెట్టు కింద రాలి ఉన్న చింతకాయలను విప్పి, గింజలకు అటువంటి గుండ్రని కన్నాలే ఉన్నాయేమో చూడండి.