అమ్మాయి స్కూలు కోసం గుంటూరు స్థలం అమ్మాలా?

ప్రశ్న: మేం లండన్‌లో హారోలో ఉంటాం. పాప ఇయర్ 5, బాబు ఇయర్ 2. మావారు ఐటీ, నేను పార్ట్ టైమ్ అకౌంట్స్ పని చేస్తున్నాను. పాప క్లాసులో ఎప్పుడూ ఫస్టే, డాక్టర్ అవుతానంటుంది. తెలిసినవాళ్లంతా ఆడపిల్లల ప్రైవేటు డే స్కూళ్లకి, ముఖ్యంగా నార్త్ లండన్ కాలేజియేట్‌కి రాయించమంటున్నారు. ఫీజు కోసం గుంటూరులో ఉన్న 200 గజాల స్థలం అమ్మేద్దామని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు స్థలం సంగతి. ఇప్పుడే బేరం పెట్టకండి. పరీక్ష రాయించండి, సీటు వచ్చాక మాట్లాడుకోవచ్చు, అప్పుడైనా ఏడేళ్ల లెక్క కాగితం మీద వేశాకే.

ఆ లెక్క ఇలా ఉంటుంది. లండన్‌లో ఇలాంటి స్కూళ్ల ఫీజు చాలా చోట్ల ఏడాదికి 25,000 పౌండ్లు దాటింది. 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు స్కూలు ఫీజు మీద 20 శాతం వ్యాట్ కూడా పడుతోంది, కాబట్టి వాళ్లు చెప్పే అంకె వ్యాట్ కలిపిందా కాదా అని అడగండి. 27,000తో మొదలై ఏటా 5 శాతం పెరిగితే ఇయర్ 7 (పదకొండేళ్లకి సెకండరీ స్కూలు మొదలయ్యేది) నుంచి 13 దాకా దాదాపు 2,20,000 పౌండ్లు. స్కూలు బస్సు, యూనిఫాం, సంగీతం క్లాసులు, ట్రిప్పులు దీనికి అదనం. మీవారు 40 శాతం పన్ను కడుతున్నవారైతే, పన్నూ నేషనల్ ఇన్సూరెన్సూ పోను ఒక్క ఏడాది 27,000 చేతికి రావాలంటే దాదాపు 46,500 సంపాదించాలి. స్థలం డబ్బు రెండు మూడేళ్లు లాక్కొస్తుందేమో. సరిగ్గా పాప ఇయర్ 10కి వచ్చేసరికి మీ బాబు ఇయర్ 7కి వస్తాడు, వాడికీ అదే ప్రశ్న. ఇయర్ 10 అంటే జీసీఎస్‌ఈ (పదహారేళ్లకి రాసే పబ్లిక్ పరీక్షలు) చదువు నడుస్తున్న టైమ్, అప్పుడు డబ్బు సరిపోక స్కూలు మార్చడం పిల్లకి అన్నిటికంటే కష్టం. అందుకే మొదటి ఏడాది కట్టగలమా అని చూసుకోకండి, అయిదో ఏడాది ఇద్దరికీ కట్టగలమా అని చూసుకోండి.

బర్సరీ (స్కూలు ఇచ్చే ఫీజు సాయం) అడగడానికి మొహమాటపడకండి. స్కాలర్‌షిప్ అనేది చాలా చోట్ల గౌరవమే, తగ్గే డబ్బు తక్కువ. ఫీజు నిజంగా తగ్గేది బర్సరీతోనే. అది మీ ఆదాయం, ఆస్తులు చూసి ఇస్తారు, ఇండియాలో ఉన్నవి కూడా అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఇక అసలు విషయం. ఈ స్కూళ్లు మంచివే. నార్త్ లండన్ కాలేజియేట్‌ని 1850లో ఫ్రాన్సెస్ మేరీ బస్ మొదలుపెట్టినప్పుడు, అబ్బాయిలు చదివే చదువే అమ్మాయిలకీ చెప్పాలనడం పెద్ద విషయం. ఆ పట్టు ఇప్పటికీ పనికొస్తుంది, ఎందుకంటే ఇంగ్లండ్‌లో ఏ-లెవెల్ (యూనివర్సిటీకి ముందు, ఇయర్ 13 చివర రాసే పరీక్ష) ఫిజిక్స్ రాసేవాళ్లలో ఈ రోజుకీ అమ్మాయిలు దాదాపు నాలుగో వంతే. అమ్మాయిలే ఉన్న క్లాసులో ఫిజిక్స్ అబ్బాయిల సబ్జెక్టు అనే మాటే రాదు. కానీ వాళ్ల రిజల్ట్స్ చూసి స్కూలు గొప్పతనమంతా అదే అనుకోకండి. మన దగ్గర ర్యాంకుల ఫొటోలతో పేపర్లో ఫుల్ పేజీ యాడ్స్ చూసి పెరిగినవాళ్లమే కదా, బాగా చదివే పిల్లల్ని ఏరి పట్టుకెళ్లి ప్రత్యేకం బ్యాచ్‌లో వేస్తే ర్యాంకులు వస్తాయని మనకి తెలుసు. పరీక్ష పెట్టి ఏరుకునే స్కూలు ఎక్కడున్నా కొంత అదే లెక్క. పదకొండేళ్లకే బాగా చదివే పిల్ల పదహారేళ్లకి మంచి గ్రేడ్లు తెచ్చుకోవడంలో స్కూలు వాటా ఎంతో ఆ రిజల్ట్స్ చెప్పవు.

కొన్నేళ్ల కిందట ఒక తల్లి ఇయర్ 8 చదువుతున్న కూతుర్ని నా దగ్గరికి తీసుకొచ్చింది. ప్రైమరీలో ఫస్ట్ వచ్చే పిల్ల, పేరున్న స్కూల్లో చేరాక మధ్యలో ఎక్కడో ఉంది. నేను మ్యాథ్స్ నోట్‌బుక్ తెరిచి చూస్తే జవాబులన్నీ పెన్సిల్‌తో, కనీకనపడకుండా రాసి ఉన్నాయి. ఎందుకమ్మా అంటే, పక్కమ్మాయిది చూసి తప్పని తెలిస్తే టీచర్ రాకముందే చెరిపేయొచ్చని, అంది. ఆ జవాబుల్లో చాలావరకు సరైనవే. మీ పాపకి ఇలా అవుతుందని కాదు, కొంతమంది పిల్లలు తమకంటే చురుకైనవాళ్ల మధ్య పడితేనే వికసిస్తారు, మీ పాప ఏ రకమో మీకే బాగా తెలుస్తుంది. ఆటలో ఓడిపోయినప్పుడు ఇంకోసారి ఆడదాం అంటుందా, లేక బోర్డు మూసేస్తుందా, గమనించండి.

స్కూలు చూడ్డానికి ఓపెన్ డేకి వెళ్లండి, కానీ అది పెళ్లిచూపుల్లాంటిది, అన్నీ సర్ది పెడతారు. మామూలు రోజున చూపిస్తారా అని అడగండి, చాలా స్కూళ్లు చూపిస్తాయి. మార్కుల్లో అడుగున ఉన్న అమ్మాయికి మీరేం చేస్తారు, ఇయర్ 11 తర్వాత ఎంతమంది వెళ్లిపోతారు, వాళ్లంతట వాళ్లే వెళ్తారా, మీరు గ్రేడ్లు చాలవని పంపిస్తారా, ఈ ఏడాది ఫిజిక్స్, ఫర్దర్ మ్యాథ్స్ ఎంతమంది తీసుకున్నారు అని అడగండి. జవాబు తడుముకోకుండా చెప్తే మంచి గుర్తు.

ప్రయాణం కూడా చూసుకోండి. నార్త్ లండన్ కాలేజియేట్ ఉన్న ఎడ్జ్‌వేర్ మీకు దగ్గరే. హామర్‌స్మిత్ వైపు స్కూలైతే ఇంటి గుమ్మం నుంచి స్కూలు గేటు దాకా ఒక సోమవారం పొద్దున పాపతో కలిసి వెళ్లి చూడండి, రోజూ రెండున్నర గంటలు రైళ్లలో పోతే హోమ్‌వర్క్ ఎప్పుడు, నిద్ర ఎప్పుడు?

ప్రైవేటు ఒక్కటే నమ్ముకోకండి. హెన్రియెట్టా బార్నెట్ ఆడపిల్లల గ్రామర్ స్కూలు, అంటే పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ స్కూలు, ఫీజే లేదు, కానీ వంద పైచిలుకు సీట్లకి వేలమంది రాస్తారు. మొదటి పరీక్ష ఇయర్ 6 మొదలవగానే సెప్టెంబర్‌లో, పేరు నమోదు అంతకంటే ముందే, కాబట్టి ఈ వేసవి దాటనివ్వకండి. కౌన్సిల్ ఫారానికి గడువు అక్టోబర్ 31, అందులో హారో స్టేట్ (ప్రభుత్వ) స్కూళ్లు కూడా తప్పకుండా రాయండి. మీరు ఇంకా వర్క్ వీసా మీద ఉన్నా స్టేట్ స్కూలు పిల్లలకి ఉచితమే. ప్రైవేటులో లండన్ లెవన్ ప్లస్ కన్సార్షియం (కొన్ని స్కూళ్లు కలిసి పెట్టుకున్న కూటమి) స్కూళ్లన్నిటికీ ఒకే పరీక్ష చాలు, నార్త్ లండన్ కాలేజియేట్ లాంటివి తమ పరీక్ష తామే పెట్టుకుంటాయి. స్టేట్ సీట్లు మార్చి 1న తెలుస్తాయి, ప్రైవేటుకి ఒప్పుకునే గడువు కూడా చాలావాటికి ఆ వారంలోనే. సంతకం పెట్టాక మనసు మార్చుకుంటే ఒక టర్మ్ ఫీజు అడగొచ్చు, ఆ షరతులు ఇద్దరూ కూర్చుని చదవండి.

మెడిసిన్ గురించి టెన్షన్ వద్దు. కావాల్సింది కెమిస్ట్రీ, చాలా చోట్ల బయాలజీ కూడా, మంచి ఏ-లెవెల్ గ్రేడ్లు, యూక్యాట్ (మెడిసిన్ ప్రవేశ పరీక్ష) స్కోరు, ఇంటర్వ్యూ. ప్రైవేటు స్కూలు కావాలని ఏ యూనివర్సిటీ అడగదు. స్టేట్ స్కూల్లో చదివినా ఆ 2,20,000లో పదో వంతు పెడితే మంచి ట్యూషన్, ఇంటర్వ్యూ ప్రాక్టీసు, ఇంకా మిగులుతుంది.

స్కూలు చూసొచ్చిన రోజు రాత్రి పాపని "నచ్చిందా?" అని అడగకండి, మీ మొహం చూసి జవాబు చెప్తుంది. అక్కడి అమ్మాయిల్లో ఎవరితో మాట్లాడావు, ఏం మాట్లాడుకున్నారు అని అడగండి. చెప్తున్నంత సేపూ మధ్యలో కల్పించుకోకుండా వినండి, ఆ తర్వాత నాకు రాయండి.