‘ఎల్ల నృపులు’ ఎవరు?

సందేహం: తెలుగు భాషా దినోత్సవం నాడు మా పాఠశాలకు వచ్చిన ఒక వక్త ఆముక్తమాల్యదలోని ‘తెలుగదేల యన్న’ పద్యంలో ‘ఎల్ల నృపులు గొలువ’ అంటే ‘సరిహద్దు రాజులు కొలుస్తుండగా’ అని అర్థం చెప్పారు. రాయచూరు కోసం పోరాడిన కృష్ణదేవరాయలకు ఎల్లలే ప్రాణమనీ, అందుకే ఆ మాట వాడాడనీ వివరించారు. నేను ఇన్నేళ్లుగా ‘రాజులందరూ’ అనే చెబుతున్నాను. ఏది సరి? – ఒక ఉపాధ్యాయిని, కర్నూలు

సమాధానం: మీరు చెబుతున్నదే చెప్పండి. ఎల్లవారు, ఎల్లెడల, ఎల్లప్పుడు అన్నచోట ఉన్న ‘ఎల్ల’యే ఆ పద్యంలోనిది. పొలిమేర అనే అర్థమున్న ‘ఎల్ల’ వేరు. తమిళంలో ‘ఎల్లై’, కన్నడంలో ‘ఎల్లె’ దాని చుట్టాలు. సమస్తమనే అర్థమున్నదానికి తమిళంలో ‘ఎల్లాం’ చుట్టం. తమిళులు ఈ రెంటినీ చివరి అచ్చుతోనే విడదీసుకున్నారు. మనకు రెండూ ఒకే రూపంలో మిగిలాయి, చిక్కంతా అక్కడే వచ్చింది.

‘ఎల్లయందలి నృపులు’ అని సమాసం చెప్పడానికి వ్యాకరణం అడ్డు రాదు, ఒప్పుకుంటాను. అడ్డువచ్చేది సందర్భం. ‘తెలుగదేల యన్న’ పద్యం ఆంధ్రమహావిష్ణువు రాయలకు కలలో కనిపించి పలికినది. రాయలు కళింగ దండయాత్రకు వెళుతూ బెజవాడలో విడిసి, కృష్ణాతీరంలోని శ్రీకాకుళానికి వెళ్లి, ఏకాదశి ఉపవాసమున్న రాత్రి వచ్చిన కల అది. (ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం కాదు. ఈ పొరపాటు పాఠాలు చెప్పేవారి నోటే వింటుంటే బాధగా ఉంటుంది.) కళింగ యుద్ధంలో ఉదయగిరి ముట్టడి మొదలైంది 1513లో, కొండవీడు లొంగింది 1515లో. రాయచూరు యుద్ధం 1520లో. ఆ కలలోకి రాయచూరును లాక్కురావడం తగదు. పైగా దేవుడు అంటున్నదేమిటి? ‘నిన్ను కొలిచే రాజులందరితో మాట్లాడే నీకు దేశభాషలన్నింటిలో తెలుగే లెస్స అని తెలియదా’ అని. అన్ని భాషలూ విన్న చెవి కావాలి అక్కడ. రాజులను సరిహద్దు దగ్గరే నిలిపేస్తే ఆ వాదం బలమే పోతుంది.

అయితే ఆ వక్త వెతుకుతున్న మాట మరొకటి ఉంది. అది ‘సామంతుడు’. ఈ శబ్దాన్ని మనవాళ్లు పాడుచేసినంతగా మరి దేనినీ పాడుచేయలేదు. పత్రికలలో సామంతుడంటే చేతులు కట్టుకుని నిలబడేవాడు, పెద్ద నాయకుడి వెనక నడిచే చిన్న నాయకుడు. మూలం చూడండి. సమ్ + అంత: అంతం అంటే కొస, అంచు. రెండు అంచులు కలిసినది సమంతం, అక్కడివాడు సామంతుడు. అంటే హద్దు పంచుకున్నవాడు, అచ్చ తెలుగులో పొరుగువాడు. ఊడిగం వాసన ఇందులో ఎక్కడా లేదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఊళ్ల సరిహద్దు తగాదా వచ్చి సాక్షులు దొరకకపోతే, చుట్టూ ఆనుకుని ఉన్న నాలుగు గ్రామాలవారు తీర్చాలని ఉంది. వారిని చెప్పిన మాట ‘సామంతవాసులు’. కౌటిల్యుడు కూడా గ్రామాల సీమావివాదాన్ని సామంతులకే అప్పగించాడు. గట్టు తగాదా వస్తే మన పల్లెల్లో ఈనాటికీ పక్క పొలాలవారినే కదా పిలుస్తాం! వాళ్లే అసలైన సామంతులు.

రాజ్యాల మాటకొస్తే, ఎల్లను ఆనుకున్నవాడు శత్రువు, వాడికి అవతలివాడు మిత్రుడు అన్నది అర్థశాస్త్రంలోని మండల సిద్ధాంతం. ఆ పొరుగువాడు ఒకసారి గెలుస్తాడు, ఒకసారి ఓడి కప్పం కడతాడు. కప్పం కట్టిన పొరుగువాడికే పేరు స్థిరపడి, క్రీ.శ. 6వ శతాబ్దం నాటికి శాసనాల్లో సామంతుడంటే లోబడిన రాజయ్యాడు. ఒక మాట ఇలా ఎందుకు జారుతుందో తెలియాలంటే విజయనగర, బహమనీల చరిత్ర చదవాలి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నేల కోసం, రాయచూరు, ముద్గల్ కోటల కోసం రెండు వందల ఏళ్లు కొట్టుకున్నారు. 1366లో బుక్కరాయలు ముద్గల్ పట్టాడు. 1406లో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా చేతిలో మొదటి దేవరాయలు ఓడి, చరిత్రకారుడు ఫెరిష్తా రాసిన ప్రకారం, బంకాపురాన్నీ కూతురినీ ఇచ్చాడు. అదే ఫిరోజ్ 1420 ప్రాంతంలో పానుగల్లు దగ్గర అదే దేవరాయల చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. 1443లో రెండో దేవరాయలు మళ్లీ నది దాటాడు. ఇందులో ఎవరు ఎవరికి సామంతుడు? పాత అర్థంలో ఇద్దరూ, ఎప్పుడూ. కొత్త అర్థంలో ఏ ఏటికా ఏడు వేరు.

విజయనగర రాజు సాళువ నరసింహుడు చనిపోతూ, గెలవమని వెనకవారికి అప్పగించిన మూడు కోటలలో రాయచూరు, ఉదయగిరి ఉన్నాయని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. 1520 యుద్ధానికి కారణమూ ఆయనే చెప్పాడు: గుర్రాలు కొనమని రాయలు ఇచ్చిన సొమ్ముతో ఒకడు బిజాపూరు సుల్తాను ఆదిల్ షా దగ్గరికి పారిపోవడం, అడిగినా అతన్ని అప్పగించకపోవడం. రాయలకు ఎల్లల మీద పట్టుదల ఉందన్నంత వరకు మీ వక్త మాట నిజమే.

‘సరిహద్దు’ను కొందరు ‘సరి అయిన హద్దు’ అని విడదీస్తున్నారు. అది ఫారసీ ‘సర్‌హద్’. ఇక కృష్ణా తుంగభద్రల నడుమ నేలను పాఠ్యపుస్తకాలూ పత్రికలూ ‘రాయచూరు దోఆబ్’ అంటాయి. మీ కర్నూలులో తుంగభద్ర ఒడ్డున నిలబడి అవతలికి చూడండి. అలంపురం, గద్వాల వైపువారు తమ నేలను ఏమంటారు? నడిగడ్డ అంటారు. రెండు నదుల నడుమ గడ్డ. ఇంత చక్కని మాట ఏటి అవతలే బతికి ఉండగా పిల్లల చేత దోఆబ్ అని బట్టీ పట్టించడం నాకు నచ్చదు.

ప్రతిపదార్థంలో ‘ఎల్ల = సమస్తమైన’ అనే రాయించండి. మరో అర్థం రాసిన పిల్లవాడికి మార్కు ఇవ్వకండి. కానీ తరగతిలో ఎవరైనా రెండో ‘ఎల్ల’ కూడా ఇక్కడ వినిపిస్తోంది కదా అని అడిగితే కసరకండి. శ్లేష ఎరిగిన కవి చెవికి అది తోచి ఉండదని నేను ప్రమాణం చేయలేను. ఆ వక్త మళ్లీ కలిస్తే ‘సామంత’ శబ్దం గురించి నా మాటగా చెప్పండి.