స్టాంపు కాగితం మీద పిల్లను రాసివ్వలేరు

ప్రశ్న: లాయరమ్మ గారికి నమస్కారాలు. నాకు చదువు రాదు, మా కోడలు రాస్తోంది. మాది విశాఖపట్నంలో కంచరపాలెం. ఇంటి ముందే టిఫిన్ బండి పెట్టుకున్నాను. నాకు 61 ఏళ్లు. పోయినేడు మా అమ్మాయీ అల్లుడూ బండి మీద వస్తుంటే లారీ గుద్దేసి ఇద్దరూ పోయారు. వాళ్ల పాపకి ఇప్పుడు ఏడేళ్లు. దినాలు అయినప్పటి నుంచి, అంటే 14 నెలలుగా నా దగ్గరే ఉంది. రెండో తరగతి. రాత్రి నా కొంగు వేలికి చుట్టుకుంటే గాని నిద్రపోదు.

ఇప్పుడు ఎలమంచిలి నుంచి పాప పెదనాన్న వచ్చి, “మా ఇంటి పిల్ల, మా ఇంటి పేరు, మేమే పెంచుకుంటాం. దత్తత కాగితం రాయిస్తాం, మా అమ్మ వేలిముద్ర వేస్తుంది” అంటున్నాడు. వాళ్లకి ఇద్దరు మగపిల్లలు, పొలం ఉంది. యాక్సిడెంట్ కేసు కూడా పాప తరఫున ఆయనే వేశాడు. మా అల్లుడు పెందుర్తి దగ్గర కొన్న 120 గజాల స్థలం మీదే వాళ్ల కన్నని మా వీధిలో అంటున్నారు. స్కూల్లోనేమో గార్డియన్ కాగితం తెమ్మంటున్నారు. ముసలిదాన్ని, బండి మీద బతికేదాన్ని, కోర్టు నాకు ఇస్తుందా? పాపని కొన్నాళ్లు మా చెల్లెలింట్లో దాచెయ్యమని కొందరంటున్నారు. ఏం చెయ్యను?
— ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన మాటకి ముందు జవాబు చెప్తాను. పాపను దాచకండి, ఒక్క రోజు కూడా. ఆ 14 నెలలు ఒకే ఇల్లు, ఒకే బడి, ఒకే కొంగు అన్నదే మీకున్న పెద్ద బలం. దాచిన రోజున దాన్ని మీ చేతులతో మీరే తెంపుకుంటారు. అవతలి వాళ్లు హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే పిల్లను కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్, వేస్తే పోలీసులు ఇంటికొస్తారు. అమ్మానాన్నల్ని అలా పోగొట్టుకున్న పిల్ల గుమ్మంలో ఖాకీ బట్టలు చూడకూడదు.

దత్తత కాగితం సంగతి. హిందూ చట్టంలో సహజ సంరక్షకులంటే తండ్రి, తల్లి. ఇద్దరూ పోయాక నాయనమ్మకి గాని, పెదనాన్నకి గాని, మీకు గాని దానంతటదే వచ్చే హక్కు ఏమీ లేదు. తల్లిదండ్రులిద్దరూ లేని పిల్లను 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద దత్తత ఇవ్వాలంటే, ఇచ్చేది సంరక్షకుడై ఉండాలి, అదీ కోర్టు ముందుగా అనుమతి ఇచ్చాకే. వంద రూపాయల స్టాంపు మీద నాయనమ్మ వేలిముద్ర వేసినంత మాత్రాన పాప ఎవరి కూతురూ అయిపోదు. అలాంటి కాగితం మీరూ రాయించుకోవద్దు.

మీకు కావలసింది దత్తత కాదు, గార్డియన్‌గా నియామకం. అది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద అడగాలి. పాప మామూలుగా ఉంటున్న చోటి కోర్టులోనే పిటిషన్ వెయ్యాలి కాబట్టి విశాఖపట్నం ఫ్యామిలీ కోర్టుకి రండి. దాంతోపాటే, కేసు తేలేదాకా పాప మీ దగ్గరే ఉండేలా మధ్యంతర ఉత్తర్వు కూడా అడగాలి. ఆ చట్టంలో 12వ సెక్షన్ అందుకే ఉంది. ఆయన వేసేదాకా ఆగకండి, మీరే ముందు వెయ్యండి.

“ముసలిదాన్ని” అన్నారు. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. అహ్మదాబాద్‌లో 2021 కరోనాలో నెల తేడాలో తల్లీ తండ్రీ పోయిన చిన్న పిల్లాడు. ఒకవైపు నాయనమ్మ, తాత. తాతకి డెబ్బై దాటాయి. ఇంకోవైపు ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్న పిన్ని, ఉమ్మడి కుటుంబం. వయసు, జీతం చూసి హైకోర్టు పిన్నికి ఇచ్చింది. వయసూ ఆదాయమూ మాత్రమే కొలబద్ద కావని సుప్రీంకోర్టు దాన్ని తిప్పేసి తాత, నాయనమ్మలకు ఇచ్చింది. ఇక్కడ మీకో హెచ్చరిక. గెలిచింది నాన్న వైపు పెద్దలు కాబట్టి ఇదే తీర్పుని అవతలి వకీలు కూడా చదువుతారు. మీ వకీలు అందులోని కారణాన్ని చదవాలి. పొలం ఉంది, ఇల్లు ఉంది అన్నది ఒక్కటే చాలదన్న మాట మీ బండికీ వర్తిస్తుంది.

కోర్టు చూసేది పాప క్షేమం. వయసు, ఆడపిల్లా మగపిల్లాడా, పెంచేవాళ్ల నడవడి, చుట్టరికం ఎంత దగ్గర, పోయిన తల్లిదండ్రుల కోరిక ఏదైనా ఉందా, ఇవన్నీ అదే చట్టంలోని 17వ సెక్షన్ లెక్కలోకి తీసుకోమంటుంది. ఒక కేసులో జడ్జి గారు ఇరువైపుల వాళ్లనీ ఒకటే అడిగారు, పిల్లాడికి ఏ మందు పడదని. మేడ ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అద్దె ఇంట్లో ఉండే పిన్ని మాత్రం మందు పేరు చెప్పి, ఒంటి మీద దద్దుర్లు ఎక్కడ మొదలవుతాయో కూడా చెప్పింది. నా ముప్పై ఏళ్ల వకాలత్‌లో నేను మర్చిపోలేని సాక్ష్యం అది.

అయినా మీ వయసుని దాటవేయకండి. పాపకి పద్దెనిమిది వచ్చేసరికి మీకు 72. మీ అబ్బాయిని కూడా పిటిషన్‌లో చేర్చండి. ఇద్దరినీ కలిపి గార్డియన్లుగా నియమించే వీలు కోర్టుకి ఉంది. “నా తరవాత మేనమామ, అత్త ఉన్నారు” అని మీరే చెబితే అవతలి వాళ్ల పెద్ద ప్రశ్న అక్కడితో సరి. మీ కోడలు ఈ ఉత్తరం రాసిందంటే ఆమె మనసు ఎటుందో నాకు తెలుస్తూనే ఉంది.

డబ్బు గురించి మీ వీధి మాటలు వదిలెయ్యండి. యాక్సిడెంట్ కేసు ఇప్పుడు ఆరు నెలల్లో వెయ్యాలి. మీరు దుఃఖంలో ఉండగా గడువు పోకుండా వేసింది ఆయనే. ఆ మాట ఆయన మొహం మీదే చెప్పండి. ఆ డబ్బులో మైనర్ వాటాని యాక్సిడెంట్ కేసులు చూసే ట్రిబ్యునల్ మామూలుగా జాతీయ బ్యాంకులో డిపాజిట్ చేయిస్తుంది, పద్దెనిమిది నిండేదాకా. ఇక పెందుర్తి స్థలంలో పాప వాటా. కోర్టు నియమించని బంధువు దాన్ని అమ్మలేడు, తాకట్టు పెట్టలేడు. నియమితులైన గార్డియన్ కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదు. స్థలాన్ని ముట్టుకోనని పిటిషన్‌లో మీ అంతట మీరే రాయించండి.

బడి వాళ్లకి ఒక మాట చెప్పండి. 2009 విద్యా హక్కు చట్టంలో గార్డియన్ అంటే పిల్లను చూసుకుంటూ తన దగ్గర ఉంచుకున్న మనిషి అని కూడా ఉంది. కోర్టు కాగితం వచ్చేదాకా మీ సంతకం చాలాలి. ఆదాయం ఏడాదికి 96,000 దాటకపోతే మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పిల్లల పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం అడగవచ్చు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. వకీలు ఫీజు గురించి బెంగ వద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి.

పెదనాన్న అన్న “మా ఇంటి పేరు” మాటలో కొంత బాధ ఉందమ్మా. ఆయన తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. గార్డియన్‌గా నియమించినంత మాత్రాన పాప ఇంటి పేరు మారదు, తండ్రి పేరు పోదు. అది ఆయనకి తెలిసినట్టు లేదు. నెలకో ఆదివారం, దసరా సంక్రాంతి సెలవుల్లో సగం రోజులు ఎలమంచిలిలో ఉండేలా మీరే పిటిషన్‌లో అడగండి. నాయనమ్మ కూడా కొడుకుని పోగొట్టుకుంది.

వచ్చేటప్పుడు ఇద్దరి మరణ ధ్రువపత్రాలు, పాప పుట్టిన ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు, బడి ఫీజు రసీదులు, టీకాల కార్డు తెచ్చుకోండి. పాపను మాత్రం ఇంట్లోనే ఉంచండి. జడ్జి గారు రమ్మన్న రోజున తీసుకొద్దురు గాని. ఆ రోజు ఏం చెప్పాలో దానికి నేర్పకండి.