రాగి పూత మాస్కుకు మారవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. ఉబ్బసం ఉంది, ఇన్‌హేలర్ వాడుతున్నాను. రాగి, వెండి కలిపిన మాస్కులు 99 శాతం క్రిములను చంపుతాయనీ, ఉతికి చాలాకాలం వాడుకోవచ్చనీ ప్రకటనల్లో చూశాను. ఎన్95 మానేసి వీటికి మారవచ్చా? లోహం ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందేమోనని భయంగా కూడా ఉంది.

జవాబు: మారవద్దు. రాగికి క్రిములను చంపే గుణం ఉన్న మాట నిజమే. దాని నుంచి వెలువడే అయాన్లు (విద్యుదావేశం ఉన్న అతిసూక్ష్మ కణాలు) బ్యాక్టీరియా పైపొరను ఛిద్రం చేస్తాయి, వైరస్‌నూ దెబ్బతీస్తాయి. వెండి అయాన్లు క్రిముల ప్రొటీన్లలోని గంధకాన్ని పట్టుకుని వాటిని పనిచేయనివ్వవు. అయితే ఇదంతా జరగడానికి సమయం కావాలి. 2020లో కరోనా వైరస్‌తో చేసిన ఒక ప్రయోగంలో, రాగి మీద బతికున్న వైరస్ ఆనవాలు లేకుండా పోవడానికి 4 గంటలు పట్టింది. మీరు పీల్చే గాలి మాస్కును దాటడానికి క్షణం కూడా పట్టదు. పోగులకు తగలకుండా దూరిపోయిన తుంపరను ఏ లోహమూ ఏమీ చేయలేదు. ప్రకటనల్లోని 99 శాతం సాధారణంగా గుడ్డముక్క మీద క్రిములను వేసి, గంటల తరబడి ఉంచి లెక్కగట్టినది. ఎంతసేపట్లోనో చెప్పని అంకెను నేనైతే నమ్మను.

మిమ్మల్ని కాపాడేది వడపోత, ముఖానికి కుదిరే అమరిక. ఎన్95 దాదాపు 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లోనూ కనీసం 95 శాతాన్ని ఆపుతుంది. అందులోని పాలీప్రొపిలీన్ పొరకున్న స్థిర విద్యుత్తే ఆ కణాలను లాగి పట్టుకుంటుంది. సబ్బు, ఆల్కహాల్ తగిలితే ఆ శక్తి తగ్గిపోతుంది కనుక దాన్ని ఉతకకూడదు. కళ్లద్దాలు మసకబారుతున్నాయంటే ముక్కు దగ్గర సందు ఉన్నట్టే. పైనున్న లోహపు పట్టీని నొక్కి సరిచేసుకోండి. మాస్కులో నాకు నచ్చే లోహం అదే.

రాగి పనికొచ్చేది మాస్కు ఉపరితలం మీద. తీసేటప్పుడు, మళ్లీ పెట్టుకునేటప్పుడు చేతికి అంటుకునే క్రిములు తగ్గవచ్చు. ఆ పని చేతులు కడుక్కున్నా జరుగుతుంది.

మీ భయం అర్థం లేనిది కాదు. పోగు తయారీలోనే రాగి ఆక్సైడ్ కలిపితే కణాలు అంత తేలిగ్గా ఊడవు. పైన చల్లిన నానో పూత (అతిసూక్ష్మ లోహ కణాల పూత) అలా కాదు, ఉతికే కొద్దీ రాలవచ్చు. గ్రాఫీన్ అనే పలుచని కార్బన్ పొర పూసిన మాస్కులూ ఉన్నాయి. అది లోహం కాకపోయినా, కణాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయేమోనన్న ఇలాంటి అనుమానంతోనే 2021లో కెనడా ఆరోగ్యశాఖ ఆ మాస్కులను వాడవద్దని చెప్పి, పరిశీలించాక కొన్ని రకాలను అనుమతించింది. ఉబ్బసం ఉన్న మీరు పూత మాస్కుల జోలికి పోకపోవడమే మంచిది. ఏ మాస్కుతోనైనా దగ్గు, పిల్లికూతలు మొదలైతే జనానికి దూరంగా వచ్చి వెంటనే తీసేయండి, డాక్టర్ చెప్పిన మోతాదులో ఇన్‌హేలర్ వాడండి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.