డాంగ్‌ఉన్ తరఫున వకాల్తా పుచ్చుకోకు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. 'ద గ్లోరీ' అనే కొరియన్ సీరియల్ మీద వ్యాసమని నువ్వు రాసి పంపిన పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎనిమిదో పేజీ దగ్గర కోపం వచ్చి పక్కన పెట్టేశాను. "ఆమె చేసిందంతా ట్రామా వల్లే, కాబట్టి ఆమెను తప్పుపట్టలేం" అని డాంగ్‌ఉన్ గురించి రాశావు చూడు, అక్కడ. ఆ మాటతో నాకు నలభై ఏళ్ల పేచీ ఉంది. అదేమిటో తర్వాత చెబుతాను. ఇంకో విషయం, నన్ను మేడమ్ అనకు. పెద్దమ్మా అను, చాలు.

'ద గ్లోరీ' నేనూ చూశాను. మా మనవరాలు పక్కన కూర్చోబెట్టి చూపించింది. 2022 డిసెంబర్ 30న మొదటి ఎనిమిది ఎపిసోడ్లు వచ్చాయి, మిగతా ఎనిమిది 2023 మార్చి 10న. మధ్యలో ఆ రెండు నెలలూ మా ఇంట్లో కూడా నువ్వు రాసిన మీ హాస్టల్ గది గొడవే జరిగింది. బడిలో తనను హింసించిన యోన్‌జిన్ మీద పగ తీర్చుకునే డాంగ్‌ఉన్ చేసింది న్యాయమేనని మనవరాలు. మనుషుల్ని పావుల్లా జరిపినదానికీ, యోన్‌జిన్‌కీ తేడా ఏముందని మా కోడలు. వాళ్లు అన్నం దగ్గర కూడా వదల్లేదు. నువ్వు మాత్రం నీ వ్యాసంలో రెండు జట్లకూ పంక్తిలో వడ్డించినట్టు చెరో ఐదు పాయింట్లు వడ్డించి, చివర్లో ఇద్దరిదీ కరెక్టే అనేశావు. మీ గదిలో అంత వేడిగా సాగిన వాదన నీ కాగితం మీదికి వచ్చేసరికి చల్లారిపోయింది.

ఇప్పుడు ఆ ట్రామా, అదే ఆ పాత గాయాల సంగతి. ఆ సీరియల్ రాసిన కిమ్ ఉన్‌సుక్ ఆ గాయాల్ని ఎక్కడ పెట్టిందో గమనించావా? మొదటి ఎపిసోడ్‌లోనే. బడి జిమ్ములో జుట్టుకు వాడే వేడి ఇనుముతో యోన్‌జిన్‌వాళ్లు డాంగ్‌ఉన్ ఒళ్లు కాల్చడం, ఫిర్యాదు చేస్తే టీచరే కొట్టడం, కన్నతల్లి డబ్బు తీసుకుని బడి మాన్పించే కాగితం మీద సంతకం పెట్టడం, అన్నీ ముందే చూపించేసింది. 2006లో అక్కడి చోంగ్జు నగరంలో ఒక బడిపిల్లకు ఇలాంటి హింసే నిజంగా జరిగింది. ఆ దృశ్యాల్ని దాచిపెట్టి, చివర్లో బయటికి తీసి, "అందుకే ఇలా తయారైంది, పాపం" అని మన చేత కన్నీళ్లు పెట్టించాలనుకుంటే ఆ రచయిత్రికి ఎంత తేలిక! ఆ పని చెయ్యలేదు. గాయం ముందే తెలిసిపోయింది కాబట్టి, ఆ తర్వాత డాంగ్‌ఉన్ ఏం చేస్తుందన్నదే మనం చూడాలి.

ఏం చేసిందో ఒక్కసారి వరసగా తలుచుకో. ఫ్యాక్టరీలో పని చేసింది. రాత్రిళ్లు చదివి బడి మానేసినవాళ్లు రాసే పరీక్ష రాసింది, టీచరయ్యింది. యోన్‌జిన్ భర్తకు గో ఆట ఇష్టమని తెలిసి, ఆ నల్లరాళ్లూ తెల్లరాళ్లూ ముందేసుకుని ఏళ్ల తరబడి నేర్చుకుంది. ఇంకొకరి ఇంటి చెత్తసంచులు విప్పి రహస్యాలు ఏరుకుంది. వాటితో బెదిరించి, యోన్‌జిన్ కూతురు చదివే బడిలో ఉద్యోగం సంపాదించింది. ఇదంతా ట్రామా చేసిందా అమ్మా? గో ఆట ట్రామా నేర్పుతుందా? పదిహేడు పద్దెనిమిదేళ్లు తెల్లవారుజామున లేచి పనికి వెళ్లింది ఆ మనిషే. అంతా గాయమే చేయించిందన్నావంటే, ఆమె మీద జాలి పడుతున్నాననుకుంటూ ఆమె కష్టార్జితం లాగేసుకున్నట్టే. ఆమె చేసిన తప్పుల్ని కూడా ఆమె దగ్గరే ఉండనివ్వు. అవీ ఆమె సంపాదనే.

ఇక ఆ తప్పుల దగ్గరికి వద్దాం. నీ స్నేహితురాలు, హ్యోన్‌నమ్ పేరెత్తి, "ఆ పనిమనిషిని కూడా వాడుకుంది కదా" అందని రాశావు. అక్కడ ఆ అమ్మాయితో నేను ఒప్పుకోను. హ్యోన్‌నమ్ తనంతట తానే వచ్చి బేరం పెట్టింది. కొట్టే మొగుడి పీడ వదిలించు, నీ పని నేను చేస్తానంది. కారు నడపడం నేర్చుకుంది, ఫొటోలు తీయడం నేర్చుకుంది, దెబ్బలు తింటూ కూడా నవ్వడం మానలేదు. ధర ఇద్దరూ కలిసి ఖాయం చేసుకున్నారు. యోన్‌జిన్ కూతురు యేసోల్ విషయం అలా కాదు. ఆ పసిపిల్ల ఏ బేరానికీ ఒప్పుకోలేదు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని ఆ పిల్ల కళ్లను పట్టుకునే కదా డాంగ్‌ఉన్ కథంతా తిప్పింది? నాన్న అనుకున్నవాడు కన్నతండ్రి కాడు. కన్నతండ్రేమో వస్తువు వెతుక్కుంటున్నవాడిలా బడి చుట్టూ తిరుగుతాడు. క్లాసులో బల్ల దగ్గర కూర్చున్న ఆ పిల్లకి తన టీచర్ ఎందుకు వచ్చిందో తెలియదు. డాంగ్‌ఉన్ ఆ పిల్ల మీద చెయ్యి వెయ్యలేదు, నిజమే. కానీ ఆ పిల్ల ఇల్లు కూలింది.

ఇంత పెద్ద విషయానికి నువ్వు అర లైను ఇచ్చావు. "యేసోల్ కోసం ఏడ్చాను" అన్న మీ గదిలో నాలుగో అమ్మాయి, నువ్వు రెండు మాటల్లో తేల్చేసిన ఆ అమ్మాయే, మీ అందరికన్నా బాగా చూసింది. వెళ్లి ఆమె పక్కన కూర్చో. ఏ సీను దగ్గర ఏడుపొచ్చిందో అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసుకో.

నా పేచీ చెబుతానన్నాను. 1980ల్లో ఒక వారపత్రికకు కథ పంపాను. అందులో ఒకావిడ తోడికోడలి మీద లేనిపోనివి కల్పించి ఆమెను ఇంట్లోంచి పంపించేస్తుంది. చివర్లో పశ్చాత్తాపపడదు. వంటింట్లో కూర్చుని హాయిగా కాఫీ తాగుతుంది. సంపాదకుడు పిలిపించారు. "పాఠకులు ఒప్పుకోరమ్మా, ఆమెకు చిన్నప్పుడు ఏదైనా కష్టం పెట్టండి" అన్నారు. అప్పుడు నాకు ఇద్దరు పిల్లలు, చేతిలో డబ్బు లేదు, పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశ ఉంది. ఆయన గుమ్మం దాటకముందే ఒప్పేసుకున్నాను. సవతితల్లిని తెచ్చాను, వాతలు పెట్టించాను, వానలో నిలబెట్టాను. కథ అచ్చయింది. "పాపం ఆవిడ" అంటూ ఉత్తరాలు వచ్చాయి. తోడికోడలు ఏమైపోయిందని ఒక్కరూ అడగలేదు. కట్టుబట్టలతో బస్సెక్కిన ఆ మనిషిని నేనే అందరి చేతా మరిపించేశాను. ఆ కథను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందుకే ఈ మధ్య సభల్లో 'గ్రే షేడ్స్', అంటే మంచీ చెడూ కలిసిన పాత్రలు, అన్న మాట వినపడితే నాకు ఒళ్లు మండుతుంది. క్రూరమైన పాత్ర ఒకటి రాయడం, దానికి రెండు పేజీల ఫ్లాష్‌బ్యాక్ అతికించడం, లోతైన పాత్ర అని మెచ్చుకోవడం. దెబ్బ కొట్టినవాడి లోతు మాత్రమే కొలిచి, వాడి చేతిలో దెబ్బ తిన్నవాణ్ని మర్చిపోతే అది లోతెలా అవుతుంది? కిమ్ ఉన్‌సుక్ ఆ కథ ఎలా మొదలైందో విలేఖరుల ముందు చెప్పింది. వాళ్ల అమ్మాయి అడిగిందట: నేను ఎవరినైనా చచ్చేలా కొడితే నీకు ఎక్కువ బాధా, లేక నేనే చచ్చేలా దెబ్బలు తింటే ఎక్కువ బాధా అని. ఏ తల్లి చెబుతుంది దానికి జవాబు? అంతకుముందు ప్రేమకథలకు పేరు మోసిన ఆ రచయిత్రి ఆ ప్రశ్నను పట్టుకుని పదహారు ఎపిసోడ్లు రాసింది. నీ వ్యాసంలో అలాంటి ప్రశ్న ఒక్కటీ లేదు. జవాబులు మాత్రం పది ఉన్నాయి.

సబ్‌టైటిల్స్ గురించి అడిగావు. చదువు, కానీ చెవి కూడా పెట్టు. డాంగ్‌ఉన్ కథంతా ఒక ఉత్తరంలా యోన్‌జిన్‌కే చెబుతుంది. పిలిచిన ప్రతిసారీ 'యోన్‌జినా' అని వినిపిస్తుంది. దగ్గరివాళ్లను పిలిచేటప్పుడు కొరియన్లు పేరు చివర 'ఆ' అనో 'యా' అనో చేరుస్తారు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్లో అది పోతుంది, ఉత్త పేరే మిగులుతుంది. మనకు పోదు. సీతా, రామా అని పిలిచే వాళ్లం కదా! తన ఒళ్లు కాల్చినదాన్ని ఆమె అన్నేళ్లుగా మనసులో నేస్తాన్ని పిలిచినట్టు పిలుస్తూనే ఉంది. ఆ దీర్ఘం విన్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరించింది. మీ రెండు జట్లలో ఎవరి పాయింట్లలోనూ ఆ పిలుపు లేదు.

అలాగే చలికాలంలో నది దగ్గరి సీను. చచ్చిపోదామని వెళ్లిన డాంగ్‌ఉన్, తనలాగే నీళ్లలోకి నడుస్తున్న ఒక ముసలావిణ్ని చూసి ఒడ్డుకు లాక్కొస్తుంది. నీళ్లు మరీ చల్లగా ఉన్నాయి, వసంతంలో చద్దాంలే అంటుంది ఆ ముసలావిడ. మనుషుల్ని పావుల్లా కదిపిందని మీరు తిట్టిన ఆమె ఏ లెక్కా వెయ్యకుండా చేసిన పని అది. ఆమె మంచిదనడానికి ఆ సీను సాక్ష్యంగా వాడుకోకు. యేసోల్ సంగతి పక్కనే పెట్టుకుని దీన్నీ రాయి. రెండూ ఒకే మనిషి చేసినవి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఇప్పుడే ఎక్కడికీ పంపకు.

రెండోసారి చదివినప్పుడు పదకొండో పేజీలో బ్రాకెట్ల మధ్య నువ్వు దాచిన రెండు లైన్లు కనిపించాయి. ఏడో తరగతిలో ఒక పిల్ల యూనిఫామ్ మీద మీ క్లాసువాళ్లు సిరా పోసి నవ్వుతుంటే, "అందరితోపాటు నేనూ నవ్వాను" అన్నావు. వెంటనే బ్రాకెట్ మూసేసి మళ్లీ కొరియాకి వెళ్లిపోయావు. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ రెండు లైన్ల కోసమే. పన్నెండు పేజీల్లో మిగతా చోటంతా నువ్వు జడ్జీవి. అక్కడ మాత్రం జిమ్ములో గోడ పక్కన నిలబడి చూసినవాళ్లలో ఒకదానివి. వ్యాసం అక్కణ్నుంచి మొదలుపెట్టు. బ్రాకెట్లు తీసెయ్యి. ఎందుకు నవ్వావో చెబుతూ, అప్పుడు చిన్నపిల్లను, భయం, అని సర్దిచెప్పకు. ఎలా నవ్వావో రాయి. గట్టిగానా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునా? ఆ పిల్ల నీ వైపు చూసిందా? మర్నాడు బడికి వచ్చిందా?

ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి, కళ్లద్దాలు మార్చినా చిన్నవి ఆనడం లేదు. ఆ పిల్ల పేరు నువ్వు ఎక్కడా రాయలేదు. గుర్తుందా?

మీ పెద్దమ్మ