పాత ఇంగ్లీషు పత్రికల చరిత్ర రాయబోతున్న అమ్మాయికి

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. తెలుగువాళ్ల మధ్య నడిచిన ఇంగ్లీషు దినపత్రికల చరిత్ర రాయడానికి పూనుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. కృష్ణాపత్రిక, ఆంధ్రపత్రికల మీద మనవాళ్లు ఎంతో పని చేశారు కానీ ఇంగ్లీషు పత్రికలను మనవి కానట్టే వదిలేశారు. ప్రకాశం పంతులుగారు 1921లో మద్రాసులో పెట్టిన ‘స్వరాజ్య’ ఇంగ్లీషు దినపత్రికే. హైదరాబాదులో డెక్కన్ క్రానికల్ 1938లోనే మొదలైంది. వీటిని చదవకుండా మన రాజకీయ చరిత్ర రాస్తే సగం రాసినట్టే.

పత్రికలు వేసుకున్న రజతోత్సవ, స్వర్ణోత్సవ సంచికలతో మాత్రం మొదలుపెట్టకు. వాటిలో స్థాపకుల పొగడ్తే ఎక్కువ. డబ్బు ఎవరు పెట్టారు, ఎవరు చదువుతారని రాశారు అనే రెండు ప్రశ్నలకు జవాబు రోజువారీ సంచికల్లోనే దొరుకుతుంది.

ముందు ఇంప్రింట్ లైన్ చూడు. సాధారణంగా చివరి పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, ఊరు వేయడాన్ని 1867 నాటి పత్రికల, పుస్తకాల నమోదు చట్టం తప్పనిసరి చేసింది. ప్రతి నెలా ఒక సంచిక తీసి ఆ లైను నోట్సులో ఎక్కించు. పేరో ప్రెస్సో మారినట్టు కనిపిస్తే, ఏ రోజు మారిందో దొరికేదాకా వెనక్కి వెళ్లి, ఆ వారం పత్రికంతా చదువు. అప్పో, భాగస్వాముల తగాదానో, ప్రభుత్వం ధరావతు (పూచీగా కట్టించుకునే సొమ్ము) అడగడమో కారణం అయి ఉండవచ్చు. 1910 ప్రెస్ చట్టం, 1931 ప్రెస్ అత్యవసర అధికారాల చట్టం ఆ ధరావతుతోనే ఎన్నో పత్రికల పీక నొక్కాయి. 1956 తర్వాత కాలానికి నీ పని ఇంకా సులువు. ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో ఫారం నాలుగు అనే ప్రకటన వేయాలన్నది అప్పటి నిబంధన. యజమానుల పేర్లు, మూలధనంలో ఒక శాతం మించి వాటా ఉన్నవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. వరసగా పాతికేళ్ల ఫారాలు పక్కపక్కన పెడితే పత్రిక ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో తెలిసిపోతుంది. సర్క్యులేషన్ అంకెలకు మాత్రం ఏబీసీ (ప్రతుల అమ్మకాలను తనిఖీ చేసే ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్) సర్టిఫికెట్ చూడు. పత్రిక తన గురించి తాను చెప్పుకున్న సంఖ్య నమ్మకు. పాఠకుల సంఖ్యనూ అమ్ముడైన ప్రతుల సంఖ్యనూ కలపకు.

అందరూ పప్పులో కాలేసేది డాక్ ఎడిషన్ దగ్గర. జిల్లాలకు రైల్లో వెళ్లే ప్రతి ముందుగానే అచ్చవుతుంది కాబట్టి, రాత్రి జరిగిన సంగతి సిటీ ఎడిషన్‌లో ఉండి అందులో లేకపోవచ్చు. జిల్లా గ్రంథాలయంలో ఉన్నది డాక్ ప్రతి, చెన్నై కన్నెమరా గ్రంథాలయంలో ఉన్నది సిటీ ప్రతి కావచ్చు. ఒక్కటే చూసి ‘పత్రిక ఈ వార్తను తొక్కిపెట్టింది’ అని రాస్తే నీ పుస్తకం మీద నమ్మకం పోతుంది. పేరు పట్టీ దగ్గర ఎడిషన్ గుర్తు ఏమైనా ఉందేమో చూసి, దాన్నీ రాసుకో.

పత్రిక పాత్ర తేల్చడానికి ఒక వారాన్ని దగ్గరగా పట్టుకోవడం కన్నా మంచి దారి లేదు. 1952 డిసెంబరు తీసుకో. పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో 15 రాత్రి కన్నుమూశారు, 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ప్రకటన చేశారు. 13 నుంచి 21 దాకా ఒక మద్రాసు ఇంగ్లీషు పత్రిక, దాని పక్కన ఆంధ్రపత్రిక పెట్టుకో. దీక్ష వార్త ఏ పేజీలో, ఎన్ని కాలమ్‌ల మీద వచ్చింది? శీర్షికలో మనిషి ఉన్నాడా, అల్లర్లు ఉన్నాయా? ఆగిన రైళ్ల వార్త ముందుందా, కోరిక ముందుందా? మద్రాసు నగరం ఎవరికన్న ప్రశ్న మీద సంపాదకీయం ఏమంది? తర్వాత సంపాదకుడికి వచ్చిన లేఖలు చూడు. వకీళ్లు, కాలేజీ అధ్యాపకులు, రిటైరైన అధికారులు ఎక్కువగా రాసేది అక్కడే, కాబట్టి చదివేవాళ్లు ఎవరో ఆ పేజీయే చెబుతుంది. కలెక్టరుకూ సెక్రటేరియట్‌కూ జడ్జీలకూ మన జిల్లాల గోడు ఇంగ్లీషులో వినిపించడమే ఈ పత్రికల అసలు పాత్ర అని నా నమ్మకం. అయితే ఎవరి గోడు వినిపించారో, ఎవరిది వదిలేశారో కూడా లెక్క తేల్చాలి. 1878 వెర్నాక్యులర్ ప్రెస్ చట్టం దేశభాషల పత్రికలకే వర్తించింది, ఇంగ్లీషు పత్రికల జోలికి రాలేదు. అందుకే బెంగాల్‌లోని అమృతబజార్ పత్రిక అప్పుడు పూర్తిగా ఇంగ్లీషులోకి మారిపోయింది. ఆ వెసులుబాటును మన దగ్గర ఎవరు వాడుకున్నారో వెతుకు.

ఏడాది మొత్తం చదవలేనప్పుడు నమూనా తియ్యాలి. ఏడాదిలోని సోమవారాలన్నీ రాసి చీటీ తీసి ఒకటి, అలాగే మంగళవారం, బుధవారం, ఇలా ఏడు రోజులకూ ఏడు. ఇదే రెండోసారి చేస్తే ఏడాదికి 14 సంచికలు. ప్రతి ఏడో సంచికా తీస్తే ఎప్పుడూ ఒకే వారం వస్తుంది. అది ఆదివారమైతే అనుబంధాలూ సినిమా ప్రకటనలూ లెక్కను పాడుచేస్తాయి. జాగా కొలిచేటప్పుడు ఉత్త కాలమ్ సెంటీమీటర్లు పోల్చకు. కాలమ్ వెడల్పు దశాబ్దానికోసారి మారుతుంది కాబట్టి పేజీలో శాతంగా మార్చి పోల్చు. పేజీలు తగ్గాయంటే పత్రిక చితికిపోయిందనీ అనుకోవద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం కరువు. 1972లో ప్రభుత్వమే పది పేజీల పరిమితి పెట్టింది, దాన్ని ఆ ఏడాది అక్టోబరులో బెనెట్ కోల్‌మన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎమర్జెన్సీలో సెన్సారు సంగతి అందరికీ తెలుసు. 1976 నుంచి 1978 దాకా వార్తల మీద ‘సమాచార్’ అని ఉంటే అది వేర్వేరు వార్తాసంస్థలను విలీనం చేసి పెట్టిన ఒకే సంస్థ పంపిన వార్త. దాన్ని స్థానిక విలేఖరి ఖాతాలో వేయకు.

డిజిటల్ కాపీల్లో వెతికేటప్పుడు ఇంగ్లీషువాళ్లు రాసిన పాత పేర్లే టైపు చెయ్యి: బెజవాడ, మసూలిపటం, కొకనాడ, విజగపటం. కొత్త పేర్లతో వెతికితే సున్నా వస్తుంది, వార్తే లేదని పొరబడతావు. ఇంకో చిక్కు. ప్రకాశంగారి ‘స్వరాజ్య’ వేరు, ఖాసా సుబ్బారావుగారు 1956లో మొదలుపెట్టిన ‘స్వరాజ్య’ వారపత్రిక వేరు. ఖాసా మొదటి దానిలోనూ పనిచేశారు కాబట్టి గ్రంథాలయం కార్డుల్లో రెండూ కలిసిపోతే ఆశ్చర్యం లేదు.

పాత ప్రతుల విషయంలో జాగ్రత్త. న్యూస్‌ప్రింటు కలపగుజ్జుతో చేసింది, అందులోని లిగ్నిన్ వల్ల పచ్చబడి పెళుసవుతుంది. వేలు తడిచేసి తిప్పకు. పై మూల కింద అట్టముక్క దూర్చి, రెండు చేతులతో పేజీ లేపు. బైండు పుస్తకాన్ని పూర్తిగా విప్పి నొక్కకు, రెండు వైపులా చుట్టిన గుడ్డ పెట్టి ఆనించు. పెన్ను బయటే వదిలి పెన్సిల్ తీసుకెళ్లు. ఫ్లాష్ లేకుండా ముందు పేజీ మొత్తం, తర్వాత వార్త, పక్కన స్కేలు ఉంచి ఫొటో తియ్యి. స్కేలు లేకపోతే ఇంటికొచ్చాక కొలతలు రావు. ఫొటో పేరు 1952-12-16-పే3 అన్నట్టు అదే రోజు పెట్టు. వేల ఫొటోలు పోగయ్యాక తేదీ వెతకడం నరకం.

వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంతో మొదలుపెట్టు, పాత పత్రికలకు దానికి మంచి పేరు. తర్వాత హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, కన్నెమరా. ఎక్కడికైనా నీ సంస్థ ఉత్తరం, గుర్తింపు కార్డు, కావలసిన సంచికల తేదీల పట్టిక మూడు ప్రతులు పట్టుకెళ్లు. బయలుదేరేముందు ఫోన్ చేసి ఆ సంపుటాలు బైండింగుకో స్కానింగుకో పోలేదని కనుక్కో.

ఆశీస్సులతో,
పెదనాన్న